16 ప్రదర్శనముల సంగీత నాటకము

హార్మోనియము శ్రుతిపై పద్యములు పాడు నాటకములను మన పెద్దలు తెల్లవాఱువఱకు కూర్చుండి చూచిరి. న్యూయార్కు నగరమున బ్రాడ్వే వీధి ప్రాంతపు నాటకశాలలలో ఆడు సంగీత నాటకము వేఱు తీరుది. అందు కథయు, పాటయు, నృత్యమును ఒక్క త్రాట పేనబడును. ధన వ్యయము విస్తారము. జనము వచ్చినన్నాళ్లు ఆట సాగును. రాకున్న తలుపులు మూయుదురు. అట్లు మూతపడిన వానిలో "మెరిలీ వుయ్ రోల్ ఎలాంగ్" అనునది యొకటి.

దీనికి మూలము జార్జి కాఫ్మన్, మాస్ హార్ట్ అనువారు రచించి 1934లో ఆడించిన వచన నాటకము. దానిని జార్జి ఫర్త్ తిరుగ వ్రాయగా, స్టీఫెన్ సాండ్‌హైమ్ పాటలను, సంగీతమును కూర్చెను. హెరాల్డ్ ప్రిన్స్ దర్శకుడు. 1970 మొదలుకొని సాండ్‌హైమ్, ప్రిన్స్ కలిసి చేసిన నాటకములు గొప్ప పేరు గాంచియుండెను గనుక అందఱును దీనికై ఎదురుచూచిరి.

కథ వెనుకకు నడచును. ఫ్రాంక్ అను సంగీతకర్త, చార్లీ అను కవి, మేరీ అను రచయిత్రి ప్రాణస్నేహితులు. ఫ్రాంక్ ధనమునాశించి సంగీతమును విడిచి సినిమాలు తీయును, స్నేహము చెడును. మనము మొదట చూచునది ఆ చెడిన స్నేహమే. పిదప ఒక్కొక్క రంగమున కొన్ని యేండ్లు వెనుకకు పోయి, కడపట ఆ మువ్వురును నిండు ఆశలతో నిలిచిన యౌవనదినములను చూతుము. ఆ సంతోషము చూపఱకు దుఃఖము గలిగించును. ఏలయన, రాబోవునది వారెఱుగరు, మనమెఱుగుదుము.

పాత్రలన్నిటిని పదునాఱు మొదలు ఇరువదియైదేండ్లలోపు వారిచేతనే వేయింపవలెనని ప్రిన్స్ నిశ్చయించెను. ఆలోచన అందమైనదే. కాని మన బడి పిల్లవాడు దూది గడ్డ మంటించుకొని ముసలి రాజైనచో తల్లిదండ్రులు మురియుదురు. టిక్కెట్టు కొన్న పరాయివాడేల మురియును? కథ వెనుకకు నడచుటయు, నడివయసు పాత్రలకు లేత ముఖములుండుటయు కలిసి, ఎవరెవరో తెలియక జనము తికమకపడిరి. వేఱొక ఊర ఆడి దిద్దుకొనుట అప్పటి వాడుక. ఖర్చునకు వెఱచి ఆ పని మానుకొని, న్యూయార్కులోనే పరీక్షార్థము 40కి పైబడిన ప్రదర్శనములిచ్చిరి. ఆట నడుమ లేచిపోవువారి సంగతి పత్రికల కెక్కెను. కుట్టించిన దుస్తులను పాఱవైచి, "మాజీ భార్య" వంటి మాటలచ్చు వేసిన చొక్కాలు తొడిగిరి. ముఖ్యనటుని మార్చిరి, నృత్యశిక్షకుని మార్చిరి, ప్రారంభదినమును వాయిదా వేసిరి.

1981 నవంబరు 16న ఆల్విన్ నాటకశాలలో ప్రారంభమాయెను. విమర్శకులు చాలవఱకు కఠినముగా వ్రాసిరి. నవంబరు 28న, 16వ ప్రదర్శనముతో ముగిసెను. మఱునాడే ఆ పిల్లలు కూడి పాటలన్నిటిని రికార్డు చేసిరి. ఆట పోయినను పాట నిలిచినది ఆ ఒక్కదినపు శ్రమవలననే అని నా యభిప్రాయము. సాండ్‌హైమ్, ప్రిన్స్ మరల 2003 వఱకు క్రొత్త నాటకమునకై కలియలేదు.

రచయితలు మాత్రము దీనిని విడువలేదు. 1985లో కాలిఫోర్నియాలో జేమ్స్ లపైన్ దర్శకత్వమున సవరించి ఆడించిరి. పిమ్మట పాటలు కొన్ని మాఱెను. పాఠశాల పట్టప్రదానోత్సవపు రంగములు తొలగెను. వయసు వచ్చిన నటులు వేషములు కట్టిరి. 1992లో ఇంగ్లండునందలి లెస్టరులో మేరీగా నటించిన మరియా ఫ్రీడ్మన్, 2012లో లండనునందు తానే దర్శకురాలై ఆడించెను. ఆమె నడిపిన నాటకమే 2023లో న్యూయార్కు హడ్సన్ నాటకశాల చేరి, 2024లో పునఃప్రదర్శిత సంగీత నాటకములలో ఉత్తమమైనదిగా టోనీ బహుమానము నందెను. ఫర్త్ 2008లోను, ప్రిన్స్ 2019లోను, సాండ్‌హైమ్ 2021లోను గతించియుండిరి.

1981లో చార్లీ వేషము కట్టిన లానీ ప్రైస్, ఆనాడొక టెలివిజను సంస్థ తీసి మూలబెట్టిన చిత్రములను వెదకి తెచ్చి, తోటి నటులను కలిసికొని, 2016లో ఒక చలనచిత్రమును వెలువరించెను. వారిలో జేసన్ అలెగ్జాండర్ వంటివారు ప్రసిద్ధులైరి. కొందఱు రంగస్థలమును విడిచి వేఱు పనులలో ప్రవేశించిరి. నెరసిన తలలతో వారు తమ పదునెనిమిదేండ్ల ముఖములను అందు తెరపై చూచుకొనిరి.