పాల యంత్రం తప్పు చూపితే ఎవరి పని?
సంఘంలో పనుల గొలుసు గురించి కొన్ని వివరాలు

జంగారెడ్డిగూడెం చుట్టుపట్ల మెట్ట గ్రామాలలో పొగాకు డబ్బు, మొక్కజొన్న డబ్బు పంట అమ్ముడైనప్పుడే చేతికి వస్తాయి. ఈ లోపల ఇల్లు గడిచేది పాల డబ్బుతోనే. కనుక పాల కేంద్రంలో యంత్రం చూపే వెన్న శాతం సభ్యునికి ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు.

పూర్వం వెన్న శాతం తెలియాలంటే గెర్బర్ పరీక్ష ఒక్కటే ఆధారం. గొట్టంలో 10 మి.లీ. సల్ఫ్యూరిక్ ఆమ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. ఎమైల్ ఆల్కహాల్ పోసి, యంత్రంలో తిప్పి, వెన్న గీత చూసేవారు. ఇప్పుడు చాలా సంఘాలలో ఎలక్ట్రానిక్ కాటా, పాల ఎనలైజరు, కంప్యూటరు ఒకదానికొకటి కలిపి ఉంటున్నాయి. పాత్ర కాటా మీద పెట్టి, నమూనా యంత్రానికి అందిస్తే కాసేపటికే చీటీ వస్తుంది. సౌకర్యం పెరిగింది, సందేహం లేదు. అయితే యంత్రం ఒక్కటే పనిచేస్తే చాలదు. దాని వెనుక ఉన్న పనులన్నీ ఒకదానితో ఒకటి కలిసి నడవాలి.

లెక్క వేసి చూద్దాం. ఒక సభ్యుడు పూటకు 5 కిలోల గేదె పాలు పోస్తున్నాడు. కిలో వెన్నకు 800 రూపాయలు ధర అనుకుందాం. పాలలో నిజంగా ఉన్న వెన్న 7.0 శాతం, యంత్రం చూపేది 6.7. తేడా 0.3 మాత్రమే. కాని పూటకు 15 గ్రాముల వెన్న లెక్కలోకి రాదు, అంటే 12 రూపాయలు పోయినట్లే. రెండు పూటలకు 24, పది రోజుల బిల్లులో 240 రూపాయలు. ఇది ఒక్క ఇంటి లెక్క. ఊరంతటి లెక్క మీరే వేసుకోవచ్చు.

ఇది ఎవరి తప్పు? సభ్యుడు కార్యదర్శిని అడుగుతాడు. కార్యదర్శి టెస్టరును చూపిస్తాడు. టెస్టరు మెకానిక్ రాలేదంటాడు. మెకానిక్ వచ్చి యంత్రాన్ని సరిచేసి వెళ్తాడు. ఎవరి పని వారు చేసినట్లే కనిపిస్తుంది. అయినా నెల తిరక్కుండానే అదే ఫిర్యాదు మళ్ళీ వస్తుంది. లోపం మనుషులలో కంటె, పనికీ పనికీ మధ్య ఉండవలసిన లంకెలో ఉందని మనం గ్రహించాలి.

ఆరు పనులు

కంప్యూటర్ సేవలను సక్రమంగా నడపడానికి బ్రిటన్ ప్రభుత్వ సంస్థ ఒకటి 1980ల చివర ఐటిల్ అనే మార్గదర్శకాలను తయారు చేయించింది. 2019లో వచ్చిన వాటి నాలుగవ కూర్పులో ‘సేవా విలువ గొలుసు’ అనే ఏర్పాటు ఉంది. పేరు కొత్తగా ఉన్నా విషయం మన సంఘానికి చక్కగా వర్తిస్తుంది. అందులోని పనులు ఆరు.

1. ప్రణాళిక: ఏ పని ఎప్పుడు, ఎంత ఖర్చుతో చేయాలో పాలకవర్గం నిర్ణయించడం.
2. సంప్రదింపు: సభ్యుల మాట వినడం, యంత్రం అమ్మినవారితోనూ శీతలీకరణ కేంద్రంతోనూ మాట్లాడడం.
3. రూపకల్పన, అమలు: కొత్త పద్ధతిని తయారుచేసి, సిబ్బందికి నేర్పి వాడుకలోకి తేవడం.
4. సమకూర్చుకోవడం: యంత్రాలు, విడిభాగాలు, శుభ్రపరిచే మందు కొనడం లేక తయారు చేయించడం.
5. సేవ, మరమ్మతు: రెండు పూటలా పాలు పట్టడం, చెడినది బాగుచేయడం.
6. మెరుగుదల: జరిగినదానిని పరిశీలించి మరల జరగకుండా చూడడం.

ఇవి నిచ్చెన మెట్లవలె ఒకదాని తరువాత ఒకటి రావలసినవి కావు. ఏ పని నుంచి ఏ పనికైనా దారి ఉంటుంది. ఒకరు పూర్తి చేసినది మరొకరికి ముడిసరుకు అవుతుంది. పాలు పితికినవారి క్యాను కేంద్రానికి ఎలా చేరాలో, ఫిర్యాదు కూడా అలాగే తరువాతి చేతికి చేరాలి.

ఫిర్యాదు నడిచే దారి

పైన చెప్పిన 0.3 తేడానే తీసుకుందాం. సభ్యుడు చెప్పడం, కార్యదర్శి వినడం సంప్రదింపు. అదే నమూనాను గెర్బర్ పద్ధతిలో పరీక్షించి తేడా నిజమేనని తేల్చడం, యంత్రాన్ని సరిచేయడం సేవ, మరమ్మతు. సాధారణంగా కథ ఇక్కడితో ఆగిపోతుంది. ఆగకూడదు.

తేడా ఎందుకు వచ్చిందని అడగాలి. యంత్రం లోపలి గొట్టంలో పాల జిడ్డు పేరుకుంటే కొలత తప్పుతుంది. జిడ్డు ఎందుకు పేరుకుంది? శుభ్రపరిచే మందు అయిపోయింది. ఇది సమకూర్చుకునే పనిలో లోపం. మందు సమయానికి ఎందుకు తెప్పించలేదు? ఎంత మిగిలినప్పుడు తెప్పించాలో ఎవరూ నిర్ణయించలేదు. ఇది ప్రణాళికలో లోపం. మందు ఉన్నా, పూట ముగిశాక ఎలా కడగాలో కొత్త టెస్టరుకు నేర్పకపోతే అది అమలులో లోపం. ఇవన్నీ ఒకచోట వ్రాసి సరిదిద్దితేనే మెరుగుదల. మెకానిక్ ఒక్కడు ఈ ఆరింటినీ చేయలేడు.

మరొక పనికి దారి వేరుగా ఉంటుంది. పాల డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో వేయాలని సభ్యులు కోరారనుకోండి. అది సంప్రదింపుతో మొదలై, ప్రణాళికకు, అక్కడినుంచి రూపకల్పనకు, కొనుగోలుకు పోతుంది. అమలులోకి తెచ్చేముందు కొన్ని బిల్లులకు పాత లెక్క, కొత్త లెక్క పక్కపక్కన వేసి సరిచూడాలి. ఆ మెట్టు దాటవేస్తే, ఒకరి డబ్బు మరొకరి ఖాతాలో పడిన తరువాత తెలుసుకోవలసి వస్తుంది.

సంఘాలు చేయవలసినవి

ప్రతి సంఘం ఒక ఫిర్యాదుల రిజిస్టరు పెట్టుకోవాలి. తేదీ, విషయం, వెంటనే చేసిన పని అనే గడులతోపాటు ‘కారణం’, ‘తరువాత ఎవరికి అప్పగించాము’ అనే మరి రెండు గడులు తప్పక ఉండాలి. ఈ రెండు ఖాళీగా ఉన్నాయంటే గొలుసు అక్కడ తెగినట్లే. పాలకవర్గ సమావేశంలో ఈ రిజిస్టరును చదివి, ఒకే ఫిర్యాదు రెండోసారి వచ్చిందా అని చూడాలి.

గెర్బర్ సామాగ్రిని అటకెక్కించవద్దు. సభ్యుల ఎదుట అప్పుడప్పుడు కొన్ని నమూనాలను రెండు విధాలా పరీక్షించి, ఫలితాలను బోర్డు మీద వ్రాయండి. ఆవు పాలకు, గేదె పాలకు యంత్రాన్ని వేరువేరుగా సరిచూడాలని మరువకండి. నమూనాలో నురుగు ఉంటే కొలత తప్పుతుంది కనుక నురుగు అణిగిన తరువాతే పెట్టాలి.

సభ్యులకు కూడా ఒక మనవి. చీటీ చూడకుండా జేబులో వేసుకోవద్దు. తేడా తోచిన పూటనే, నమూనా ఉండగానే చెప్పండి. పాలు ట్యాంకులో కలిసిపోయిన తరువాత ఎవరూ తేల్చలేరు. మీరు ఆ పూట చెప్పే మాట తగాదా కాదు. పై ఆరు పనులనూ కదిలించే మొదటి సమాచారం అదే.