విచారణ గురువుల భోజనం మాట

మన సంఘంలోని కతోలిక కుటుంబాలం ఆదివారం పూజ కాగానే కాఫీ తాగి ఇళ్ళకు బయలుదేరుతాం. ఫాదర్ గారు మాత్రం మరో గుడిలో పూజకు కారెక్కుతారు. అమెరికాలో గురువుల కొరత వల్ల ఒక్కరే రెండు మూడు విచారణలు చూడటం మామూలైంది. ఆ లోటు తీర్చడానికి వచ్చినవారిలో మన ఆంధ్ర మేత్రాసనాల గురువులూ ఉన్నారు.

కడప మేత్రాసనానికి 1994లో గురుపట్టం పొందిన ఫాదర్ అరుల్ కరసాల గారు 2004లో కాన్సస్ వచ్చారు. 2011 నుంచి సెనెకా అనే చిన్న ఊళ్ళో విచారణ గురువులుగా ఉన్నారు. 2025 ఏప్రిల్ 3న తమ నివాసం దగ్గరే తుపాకి కాల్పులకు బలయ్యారు. ఆయన కోసం ఆ ఊరి అమెరికన్లు ఇంటిమనిషి పోయినట్టు దుఃఖించారు.

మరి మనమో? క్రిస్మస్‌కూ, ఫిబ్రవరి 11న గుణదల మాత పండుగకూ తెలుగు పూజ కావాలని మన గురువులను పిలుస్తాం. పూజ కాగానే సెలవు తీసుకుంటాం. పల్లెటూరి విచారణలో ఒంటరిగా వండుకు తినే ఆయనకు నెలకొక కుటుంబం చొప్పున ఒక పూట పప్పు, గోంగూర, చారు పెట్టలేమా? పిల్లలు పరలోక జపం తెలుగులో అప్పజెబుతారు కూడా. రాలేనంత దూరమైతే క్యారేజీ పట్టుకుని మనమే వెళదాం. ఏ నెల ఎవరి వంతో వచ్చే సమావేశంలో నిర్ణయించుకుందాం.