నాలుక మీద మానని పుండు

క్షయ అనగానే దగ్గు, కఫంలో నెత్తుటి జీర, చిక్కిపోయిన దేహం మన మనసుకు తోస్తాయి. నోరు తోచదు. ఈ వ్యాధి నోటికి సోకడం అరుదైన మాట వాస్తవమే. వైద్యగ్రంథాల లెక్క ప్రకారం క్షయరోగులలో నూటికి అయిదుగురిని మించదు. కాని రోగుల సంఖ్య లక్షలలో ఉన్న మన దేశంలో అది చిన్న లెక్క కాదు.

నిజానికి, ఇంత అరుదుగా సోకడమే ఆశ్చర్యం. ఊపిరితిత్తుల క్షయ ముదిరిన రోగి దగ్గిన ప్రతిసారీ సూక్ష్మజీవులతో నిండిన కఫం నోటి గుండానే కదా వెలువడేది! లాలాజలం వాటిని ఎప్పటికప్పుడు కడిగివేస్తుంది. నోటిలోపలి పొర చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం వాటికి చోటు దొరకదు. విరిగిన పన్ను మొన నాలుకను నిత్యం గీరుతున్నా, కట్టుడు పళ్లు ఒరుసుకుంటున్నా, పన్ను పీకిన గుంట మానకున్నా ఆ గాయమే వాటికి ద్వారమవుతుంది. రక్తప్రవాహం ద్వారా చేరడమూ కద్దు.

పుండు ఎక్కువగా నాలుక మీదనే కనిపిస్తుంది. అంచులు ఎగుడుదిగుడుగా, లోపలికి తొలిచినట్లు ఉంటాయి. సాధారణంగా నొప్పి ఉంటుంది. పిల్లలలో, యువకులలో మాత్రం ఒక్కొక్కప్పుడు చిగుళ్ల మీద నొప్పి లేకుండా మొదలై, మెడలోని గ్రంథులు వాస్తాయి.

చిక్కంతా పోలికతోనే వచ్చింది. ఇది చూపుకు క్యాన్సర్ పుండులాగే ఉంటుంది. పొగాకు, వక్క నమిలే అలవాటున్న మనిషి ఆ భయంతోనే దానిని దాచుకుంటాడు; లేదా పూతమందులతో నెలలు గడుపుతాడు. కంటితో చూసి ఏ వైద్యుడూ ఇదమిత్థమని తేల్చలేడు. పుండు నుంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పరీక్షించాలి. ఛాతీ ఎక్స్‌రే, కఫపరీక్ష చేయించాలి. నోటి పుండు కోసం వచ్చిన వ్యక్తికి ఊపిరితిత్తులలో క్షయ ఉన్నట్లు అప్పుడే మొదటిసారి బయటపడిన సందర్భాలు అనేకం. మూడు వారాలు దాటినా మానని పుండును దంతవైద్యునికైనా చూపించవలసింది ఇందుకే.

వ్యాధి ఎదురుదిశలోనూ ప్రయాణించగలదు. క్షయ సోకిన ఒక దంతవైద్యుని చేత పళ్లు పీకించుకున్న 15 మందికి ఆ వ్యాధి అంటిన ఉదంతం 1982లో లాన్సెట్ వైద్యపత్రికలో వెలువడింది.

ఈ పుండుకు ప్రత్యేకమైన మందు లేదు. ఊపిరితిత్తుల క్షయకు వాడే ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ మొదలైన మాత్రలే దీనికీ మందు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇస్తారు. చికిత్స సాధారణంగా 6 నెలలు. నోటి పుండు మాత్రం కొన్ని వారాలకే మాని, అన్నం కారంగా తిన్నా మంట పుట్టదు. ప్రమాదం అక్కడే పొంచి ఉంది: నోరు బాగుపడిందని మాత్రలు మానివేస్తే ఊపిరితిత్తులలో మిగిలిన సూక్ష్మజీవులు తిరిగి విజృంభిస్తాయి, ఈసారి అవే మందులకు లొంగకపోవచ్చు కూడా.