ఆట జరిగే రోజున వీధికి కాపలా ఎవరు?

లండనులో ఫుట్‌బాల్ మైదానాల చెంత నివసించే కుటుంబాలకు మ్యాచ్ రోజు దృశ్యం సుపరిచితమే. జట్టు రంగుల కండువాలు ధరించిన వేలాది అభిమానులు, గుర్రాలపై పోలీసులు, మూసివేసిన రోడ్లు. ఆనాడు పిల్లలను బయటకు పంపడానికి తల్లిదండ్రులు సంకోచిస్తారు. వారి భయమంతా కొట్లాటల గురించే. లెక్కలు చూపే ప్రమాదం మాత్రం వేరొకటి.

ఆర్థికశాస్త్రవేత్త ఒలివియే మారీ లండను జట్ల మ్యాచ్‌ల వివరాలను ఆయా ప్రాంతాలలో నమోదైన నేరాలతో పోల్చి పరిశీలించారు. ఈ పరిశోధన 2016లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో వెలువడింది. మ్యాచ్ జరిగిన ప్రాంతంలో హింసాత్మక నేరాలలో చెప్పుకోదగిన మార్పు కానరాలేదు. పెరిగినవి దొంగతనాల వంటి ఆస్తి నేరాలు. ప్రేక్షకులు 10,000 మంది అధికమైనప్పుడల్లా సుమారు 4 శాతం చొప్పున.

జనసమ్మర్దంలో జేబుదొంగలకు పని సులువు కనుక పెరిగాయని ఎవరికైనా తోస్తుంది. అయితే మారీ మరొక పోలికను కూడా తీసుకున్నారు. జట్టు వేరే మైదానానికి వెళ్ళి ఆడిన రోజుల్లో, అక్కడి ప్రేక్షకులు 10,000 పెరిగితే, సొంత ప్రాంతంలో ఆస్తి నేరాలు సుమారు 3 శాతం తగ్గాయి. నేరం చేయగలవారిలో కొందరు ఆట చూస్తూ కూర్చున్నారన్నమాట! అలా తగ్గిన నేరాలు మరొక సమయానికి వాయిదా పడిన దాఖలాలు కూడా లేవు.

సొంత మైదానంలో ఆట జరిగినా అదే అభిమానులు అంతసేపూ లోపలే ఉంటారు. కనుక నేరాలు 3 శాతం తగ్గవలసింది. 4 శాతం పెరిగాయి. ఈ 7 శాతం వ్యత్యాసానికి కారణం పోలీసులు మైదానం వద్దకు తరలిపోవడం, చుట్టుపక్కల వీధులకు కాపలా పలుచబడడం అని మారీ వాదన. ఇది ప్రయోగశాలలో తూచిన విలువ వంటిది కాదని గుర్తుంచుకోవాలి. జనసమ్మర్దపు ప్రభావం కూడా అందులో కొంత కలిసి ఉండవచ్చును. అయినా కొట్లాటలు పెరగకుండా దొంగతనాలు మాత్రమే పెరగడం ఆ వాదనకు బలం చేకూరుస్తున్నది.

మరి ఆ కాపలా ఖర్చు ఎవరిది? మైదానం లోపలి బందోబస్తుకు క్లబ్బు రుసుము చెల్లిస్తుంది. వెలుపలి వీధుల విషయమై ఇప్స్‌విచ్ టౌన్ క్లబ్బుకూ సఫోక్ పోలీసులకూ వివాదం తలెత్తింది. మ్యాచ్ కోసం మూసిన రోడ్లైనా సరే, అక్కడి బందోబస్తుకు క్లబ్బు నుండి రుసుము వసూలు చేయరాదని 2017లో అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ భారం పోలీసు నిధులపై, అనగా మ్యాచ్‌కు టిక్కెట్టు కొననివారి పన్నులపై కూడా పడింది.