రక్తంలో ఒక చెంచాడు చక్కెర

పిల్లలూ! పండుగనాడు మీరు నాలుగు బొబ్బట్లు తిన్నారనుకోండి. ఏకాదశినాడు మీ బామ్మ పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టలేదనుకోండి. మీ రక్తం పానకంలాగా, బామ్మ రక్తం చప్పగా ఉండాలి గదా? కాని అలా ఉండదు! తిన్న కొన్ని గంటలకల్లా మీ లెక్కా, బామ్మ లెక్కా ఇంచుమించు ఒకటే అవుతుంది.

పెద్దవాళ్ళ ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. పరగడుపున అందులో ఉండే చక్కెర ఇంచుమించు 5 గ్రాములు. అంటే ఒక్క చెంచాడు! మనం తిన్న అన్నమూ, పళ్ళూ అరిగి ఈ చక్కెర అవుతుంది. దీని పేరు గ్లూకోజు.

ఈ లెక్క చూసే గుమాస్తా మన పొట్టలోనే ఉన్నది. దానిపేరు క్లోమం. చక్కెర పెరగగానే అది ఇన్సులిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతుంది. అప్పుడు కండరాలు చక్కెరను తీసుకుంటాయి. కాలేయం కొంత చక్కెరను, గాదెలో ధాన్యంలాగా, దాచుకుంటుంది. మనం ఉపవాసం ఉంటే క్లోమం గ్లూకగాన్ అనే మరొక రసాన్ని పంపుతుంది. వెంటనే కాలేయం తన గాదె తెరుస్తుంది.

మరి ఇన్సులిన్ తయారు కాకపోతే? రక్తం నిండా చక్కెర ఉండి కూడా ఒళ్ళు పస్తు ఉంటుంది. ఎక్కువైన చక్కెర నీటిని వెంటబెట్టుకుని మూత్రంలో పోతుంది. దాహం తీరదు, మనిషి చిక్కిపోతాడు. ఇదే మధుమేహం. పెద్దవాళ్ళలో చాలామందికి ఇన్సులిన్ ఉన్నా ఒళ్ళు దాని మాట సరిగా వినదు. పిల్లలకు వచ్చే రకంలో చాలావరకు, ఒంటిని కాపాడవలసిన కణాలే పొరపాటున ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తాయి. మిఠాయిలు తిన్నందువల్ల వచ్చేది కాదు అది.

పూర్వం ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎంతోకాలం బతికేవారు కారు. 1921లో కెనడాలోని టొరాంటో నగరంలో బాంటింగ్ అనే డాక్టరూ, బెస్ట్ అనే విద్యార్థీ కలిసి జంతువుల క్లోమం నుంచి ఈ రసాన్ని తీశారు. 1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రవాడికి దాన్ని సూదిమందుగా ఇచ్చారు. పెద్దగా గుణం కనిపించలేదు. పైగా సూది గుచ్చినచోట గడ్డ లేచింది. కాని వాళ్ళు పని మానలేదు. కాలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మందును మరింత శుద్ధిచేశాడు. జనవరి 23న మళ్ళీ ఇచ్చారు. ఈసారి రక్తంలో చక్కెర దిగింది! చావుబతుకులలో ఉన్న ఆ కుర్రవాడు కోలుకుని, మరి 13 ఏళ్ళు బతికాడు.

మీ తరగతిలో కూడా రోజూ ఇన్సులిన్ తీసుకునే స్నేహితుడు ఉండవచ్చు. ఈ జబ్బుకు క్రిమి లేదు. కనుక పక్కన కూర్చుంటే, కలిసి తింటే అంటుకోదు. అతనికి మాత్రం తన చక్కెర లెక్క తనే చూసుకోక తప్పదు. ఆటల్లో అతనికి హఠాత్తుగా చెమటలు పోసి, చేతులు వణికితే చక్కెర మరీ తగ్గిందేమో అనుకోవాలి. స్పృహలో ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకండి. ఎలా ఉన్నా సరే, ఒకరు అతని దగ్గరే ఉండి, మరొకరు పెద్దవాళ్ళకోసం పరుగెత్తండి!