కిక్ బండికి ఎంత బ్యాటరీ కావాలి?

‘‘ఈ బ్యాటరీయే ఎందుకు పెట్టావ్?’’

నా మొదటి కోర్ ఇంటర్వ్యూలో అడిగిన మొదటి టెక్నికల్ ప్రశ్న ఇదే. రెజ్యూమెలో ‘సెల్ఫ్ స్టార్ట్ బండిని పూర్తిగా కిక్ స్టార్ట్‌కి మార్చాను’ అని గొప్పగా రాసుకున్నాను మరి. పాత 150 సీసీ బండి అది. సెల్ఫ్ మోటారు కాలిపోయింది. కొత్తది వేయిద్దామంటే ఫైనలియర్‌లో చేతిలో డబ్బుల్లేవు. అదృష్టం కొద్దీ కిక్ రాడ్ ఉంది. మోటారు, రిలే పీకేసి, 9 ఏహెచ్ బ్యాటరీ బదులు అలారం పెట్టెల్లో వాడే 1.3 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ పెట్టాను. సీటు కింద రెయిన్‌కోటు పట్టేంత జాగా మిగిలింది.

‘‘సైజు సరిగ్గా సరిపోయింది సార్’’ అన్నాను. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయారు. ఉద్యోగం రాలేదు. ఇంకో నెలకి బ్యాటరీ కూడా ఉబ్బిపోయింది.

ఈవీ, బ్యాటరీ కంపెనీల్లో ఉద్యోగాల కోసం చూస్తున్నవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. తిరుపతి దగ్గర కరకంబాడి, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లి పేర్లు మీ వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరుగుతూ ఉంటాయి. మీ ప్రాజెక్టు ఇంత చిన్నదైనా సరే, ఆ ప్రశ్నకి జవాబు మీ దగ్గర ఉండాలి. నా దగ్గర అప్పుడు లేని జవాబు ఇది.

ముందు ఒక సంగతి. బండికి 9 ఏహెచ్ బ్యాటరీ ఇచ్చేది ముఖ్యంగా సెల్ఫ్ మోటారు కోసమే. ఆ మోటారు తిరిగే రెండు మూడు సెకన్లలోనే పదుల యాంపియర్లు లాగుతుంది. మోటారు లేకపోతే ఆ అవసరమూ పోతుంది. ఇక బ్యాటరీకి మిగిలేవి రెండు పనులు. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు లైట్లకి కరెంటు ఇవ్వడం ఒకటి. మాగ్నెటో నుంచి రెక్టిఫైయర్ మీదుగా వచ్చే ఎగుడుదిగుడు కరెంటుని నిలకడగా ఉంచడం రెండోది.

అంటే లెక్క మొదలుపెట్టాల్సింది బ్యాటరీ దగ్గర కాదు, బల్బుల దగ్గర.

సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు

బ్రేకు నొక్కి, ఇండికేటర్ వేసి సిగ్నల్ దగ్గర నిల్చున్నారనుకోండి. బ్రేక్ లైటు 21 వాట్లు, టెయిల్ లైటు 5. ముందు, వెనుక ఇండికేటర్లు పదేసి వాట్లు. అయితే అవి సగం సమయమే వెలుగుతాయి కాబట్టి సగటున 10 వేసుకోవచ్చు. సీడీఐ, మీటరు కలిపి ఓ 12 అనుకుందాం. మొత్తం 48 వాట్లు. 12 వోల్టులతో భాగిస్తే 4 యాంపియర్లు. ఐడిలింగ్‌లో మాగ్నెటో నుంచి వచ్చేది తక్కువ. అసలేమీ రాదనే లెక్క వేయండి, అదే క్షేమం. రెండు నిమిషాలకి 0.13 ఏహెచ్ ఖర్చు. నా 1.3 బ్యాటరీలో ఇది పదో వంతు. ఒక్క సిగ్నల్‌కే! 5 ఏహెచ్ బ్యాటరీలో మూడు శాతం కూడా కాదు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. లేబుల్ మీద రాసే ఏహెచ్ నెమ్మదిగా వాడితే వచ్చే లెక్క. బైకు బ్యాటరీకి మామూలుగా 10 గంటలు, యూపీఎస్ రకానికి 20 గంటలు. 2.5 ఏహెచ్ అంటే పావు యాంపియర్ చొప్పున 10 గంటలు. అదే బ్యాటరీ నుంచి 4 యాంపియర్లు లాగితే 37 నిమిషాలు వస్తుందని కాలిక్యులేటర్ చెబుతుంది గానీ నిజంగా అంత రాదు. లెడ్ బ్యాటరీ నుంచి ఎంత వేగంగా లాగితే అంత తక్కువ ఇస్తుంది.

చార్జింగ్‌కీ హద్దు ఉంటుంది. మీ ఇంట్లో పాత యూపీఎస్ ఉంటే అందులోని 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ లేబుల్ చదవండి. చాలావాటి మీద చార్జింగ్ కరెంటు 2.1 యాంపియర్లు దాటకూడదని ఉంటుంది. అంటే కెపాసిటీలో 0.3 వంతు. అదే లెక్కన నా 1.3 బ్యాటరీ తట్టుకునేది 0.39 యాంపియర్లు. సిగ్నల్ దగ్గర ఖాళీ అయిన బ్యాటరీలోకి, యాక్సిలరేటర్ ఇవ్వగానే మాగ్నెటో అంతకన్నా చాలా ఎక్కువ తోస్తుంది. పైగా పక్కనే ఇంజిన్ వేడి. ఉబ్బక ఏం చేస్తుంది పాపం!

మీ బండి ఏ రకం?

మార్కెట్లో 2.5, 4, 5 ఏహెచ్‌లు దొరుకుతాయి. ఏది సరిపోతుందో మీ వైరింగ్ చెబుతుంది. ఇంజిన్ ఆపి తాళం తిప్పి హెడ్‌లైట్ స్విచ్ వేయండి. వెలగకపోతే అది నేరుగా మాగ్నెటో మీద నడుస్తున్నట్టే, బ్యాటరీ లెక్కలోకి రాదు. వెలిగితే ఆ 35 వాట్లు కూడా కలపాలి. 2017 ఏప్రిల్ తర్వాతి బళ్లలో ఇంజిన్ నడిచినంతసేపూ హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంటుందని మర్చిపోవద్దు.

సీడీఐకి కరెంటు బ్యాటరీ నుంచి వస్తుంటే మరింత జాగ్రత్త. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఎన్ని కిక్కులు కొట్టినా స్పార్క్ రాదు. డిజిటల్ మీటరు గడియారం 5 మిల్లీ యాంపియర్లు లాగుతుందనుకోండి. సంక్రాంతికి ఊరెళ్లి పది రోజులకి తిరిగొస్తే 1.2 ఏహెచ్ ఖాళీ. నాకు జరిగింది అదే. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చెమటలు కారేలా కిక్కులు కొట్టి, చివరికి ఆటో ఎక్కాను.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండైతే ఈ ప్రయోగం జోలికే వెళ్లకండి. పంపు, ఈసీయూ రెండూ బ్యాటరీ నిలకడ మీదే బతుకుతాయి.

లిథియం పెట్టొచ్చా అని జూనియర్లు అడుగుతుంటారు. పెట్టొచ్చు, కానీ లేబుల్ మోసం చూడండి. కొన్నింటి మీద ‘7 ఏహెచ్‌కి సమానం’ అని పెద్దగా ఉంటుంది. అది సెల్ఫ్ కొట్టే శక్తిలో సమానం. లోపల అసలు ఉండేది రెండు రెండున్నర ఏహెచ్ మాత్రమే కావచ్చు. సెల్ఫే లేని బండికి ఆ సమానంతో పనేముంది? నాలుగు సెల్‌ల ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్‌కి 14.6 వోల్టులే గరిష్ఠం. కాబట్టి ముందు ఇంజిన్ రేజ్ చేసి బ్యాటరీ కొసల దగ్గర మల్టీమీటర్ పెట్టండి. 14 నుంచి 14.5 మధ్య ఉంటే మంచిదే. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టు, ఏ బ్యాటరీ పెట్టినా దండగే.

బ్యాటరీయే లేకుండా కెపాసిటర్‌తో నడిపేవాళ్లూ ఉన్నారు. ఇంజిన్ ఆగితే ఇండికేటర్, హారన్ అన్నీ ఆగిపోతాయి. మన రోడ్ల మీద నేనైతే ఒప్పుకోను.

మోటారు తీసిన చోట మూత, ఓ-రింగ్ బిగించకపోతే ఆయిల్ కారుతుంది. మోటారుకి వెళ్లే లావు వైరుని వేలాడదీయకుండా పూర్తిగా తీసేయండి. ఫ్యూజు మాత్రం ఉండాల్సిందే.

రెండోసారి నేను 5 ఏహెచ్ మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీ పెట్టాను. ఈ లెక్కలన్నీ ఒక పేజీలో రాసి ఇంకో కంపెనీ ఇంటర్వ్యూకి పట్టుకెళ్లాను. ఆవిడ పేజీ మొత్తం చదివి, ‘‘5 ఎందుకు? నీ లెక్క ప్రకారం 4 చాలు కదా’’ అన్నారు.

‘‘చాలు మేడమ్. ఆ రోజు షాపులో 5 మాత్రమే ఉంది’’ అన్నాను.

ఆవిడ నవ్వారు. ‘‘సరే, రేజ్ చేస్తే వోల్టేజ్ ఎంతొచ్చింది?’’

‘‘14.3.’’

అక్కడి నుంచి నలభై నిమిషాలు మేము రెగ్యులేటర్ గురించే మాట్లాడుకున్నాం.