ఎంపైర్ బిల్డర్ రైలు కథ

ఈసారి నేను అమెరికాలో పేరుమోసిన ఒక రైలు గురించి రాస్తున్నాను.

దాని పేరు ఎంపైర్ బిల్డర్. అంటే సామ్రాజ్యం కట్టినవాడు అని అర్థం. చికాగోలో మధ్యాహ్నం బయలుదేరి సియాటిల్ దాకా పోతుంది. సుమారు 3,550 కిలోమీటర్లు. రెండు రాత్రులు రైల్లోనే పడుకోవాలి. రెండో రాత్రి స్పొకేన్ అనే స్టేషన్లో రైలును రెండు ముక్కలు చేస్తారు. కొన్ని పెట్టెలు సియాటిల్‌కు, కొన్ని పోర్ట్‌లాండ్‌కు పోతాయి. అందుకే ఏ పెట్టె ఎక్కాలో ముందే చూసుకోవాలి. లేకపోతే నిద్ర లేచేసరికి వేరే ఊళ్ళో ఉంటాం!

సామ్రాజ్యం కట్టినవాడు అంటే జేమ్స్ జె. హిల్. గ్రేట్ నార్తర్న్ అనే రైల్వే కంపెనీ ఆయనది. 1893లో ఆయన పట్టాలు పడమటి సముద్రం వైపు చేరాయి. ఆయన 1916లో చనిపోయాడు. తర్వాత 13 ఏళ్ళకు, 1929 జూన్ 11న ఈ రైలు మొదలైంది. అందుకే ఆయన బిరుదు పెట్టారు.

అయితే పట్టాలు వేయాలంటే మధ్యలో రాకీ పర్వతాలు అడ్డం. కొండల మధ్య తక్కువ ఎత్తులో దారి కావాలి. 1889 డిసెంబరులో జాన్ స్టీవెన్స్ అనే ఇంజనీరు వెతకడానికి పోయాడు. దారి చూపడానికి ఫ్లాట్‌హెడ్ తెగ మనిషి ఒకాయన వెంట వచ్చాడు. పేరు కూన్సా అని రాసి ఉంది. చలికి ఆయన మధ్యలో ఆగిపోయాడు. స్టీవెన్స్ ఒక్కడే పైకెళ్ళి మరియాస్ కనుమ చూశాడు. ఆ రాత్రి నిద్రపోతే గడ్డకట్టి చచ్చిపోతానని తెల్లవార్లూ మంచులో అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాడు. ధైర్యవంతుడే, కాదనను. 1925లో అక్కడ ఆయన విగ్రహం పెట్టారు. కూన్సా విగ్రహం మాత్రం లేదు. దారి కనిపెట్టాడు అంటారు గానీ, అక్కడి తెగలవాళ్ళకు ఆ కనుమ ముందునుంచే తెలుసు. మా ఊరి కొండదారిని రేపు ఎవరో వచ్చి కనిపెట్టాను అంటే మా అవ్వ నవ్వుతుంది.

ఆ కనుమ ఎత్తు 1,589 మీటర్లు. మన అరకు లైనులో శిమిలిగుడ స్టేషన్ దాదాపు 1,000 మీటర్లే.

ఆ కొండలకు తూర్పు పక్క బ్లాక్‌ఫీట్ తెగవాళ్ళ నేల. వాళ్ళు తమను పికుని అంటారు. 1887లో రైలు దారికి వాళ్ళ భూమిలోంచి చట్టం చేశారు. 1888లో వాళ్ళూ, పక్క తెగలవాళ్ళూ కోటి 70 లక్షల ఎకరాలకు పైగా పోగొట్టుకున్నారు. 1895లో ఆకలి రోజుల్లో కొండలు కూడా 15 లక్షల డాలర్లకు ఇచ్చేశారు. అయినా అక్కడ వేటాడే, చేపలు పట్టే, కలప కొట్టుకునే హక్కు ఉంటుందని ఒప్పందంలో రాయించుకున్నారు. 1910లో ఆ కొండలను గ్లేసియర్ నేషనల్ పార్కు చేశారు. ఇంక వేట బంద్. రాసిన కాగితం ఏమైందో చూడండి!

పార్కు వచ్చాక హిల్ కొడుకు లూయీ పెద్ద హోటళ్ళు కట్టించాడు. రైలు దిగే టూరిస్టులకు ఎదురొచ్చి పలకరించడానికి బ్లాక్‌ఫీట్ వాళ్ళను ఈకల కిరీటాలతో నిలబెట్టారు. హోటలు ముందు వాళ్ళ గుడారాలు వేయించారు. కంపెనీ క్యాలెండర్ల మీద వాళ్ళ బొమ్మలు వేశారు. వేటకు పోకూడదు, ఫొటోకు నిలబడాలి. నాకు ఇది చదివినప్పుడు అన్నం సయించలేదు.

1955లో ఈ రైలుకు అద్దాల కప్పు పెట్టెలు పెట్టారు. మన అరకు రైలుకు అలాంటి పెట్టె 2017లో వచ్చింది. 1971 నుంచి ఈ రైలును ఆమ్‌ట్రాక్ సంస్థ నడుపుతోంది. ఇప్పుడు రెండంతస్తుల పెట్టెలు.

ఇంకొక్క మాట. వేసవిలో టూరిస్టుల కోసం పార్కు పక్క స్టేషన్లో రైలు ఆగుతుంది. చలికాలం ఆ స్టేషన్ మూసేసి, బ్లాక్‌ఫీట్ వాళ్ళ ఊరు బ్రౌనింగ్‌లో ఆపుతారు.

— 9వ తరగతి విద్యార్థిని